తొలి గొంతు వాటా

ఒక సినిమా పాట విడుదలయైన సాయంకాలమునకే దానిని వేరొక గొంతున, గిటారు తోడుగానో, మంచముపై కూర్చుండి ఒడిలో నిడుకొన్న చిన్న కీబోర్డు తోడుగానో పాడి, ఫోనులో చిత్రించి లోకమునకు వదలుట నేడెంత సామాన్యమైపోయినదనగా, అసలు పాటను వినకయే కవరును విని, దానినే అసలని నమ్ము శ్రోతలు కూడ ఏర్పడినారు. దీనిని గూర్చి సంగీతలోకమున రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఎందరు పాడిన అంత ప్రచారము, అసలువారికి కాసు ఖర్చు లేని చాటింపు అని కొందరందురు. పరుల కష్టముపై పబ్బము గడుపుకొనుట అని మరికొందరందురు. ఈ వివాదము తెగకుండుటకు కారణము, నా దృష్టిలో, 'అసలు కళాకారుడు' అను ఒక్క మాటలో మనము పలువురిని మూటగట్టుటయే. సాహిత్యము వ్రాసినవారు వేరు, బాణీ కట్టినవారు వేరు, పాడినవారు వేరు, వెనుక వేణువో వయొలినో డోలకో వాయించినవారు వేరు, వీరందరికిని సొమ్మిచ్చి హక్కులు వ్రాయించుకొన్న ఆడియో కంపెనీ వేరు. కవరు పాట వీరందరిని ఒకే తీరున తాకదు. కవికిని స్వరకర్తకును అది ఆదాయము కావచ్చును. హక్కులు చేతనున్న కంపెనీకి నేడు తరచుగా ఆదాయమే. నష్టమనునది ఉన్నచో అది వచ్చి పడునది మొదట పాడినవారి నెత్తిన, వాయించినవారి నెత్తిన. చట్టము ఎవరిని తక్కువగా కాపాడుచున్నదో వారినే కవరు ఎక్కువగా తాకుచున్నది.

ఈ భేదము అత్యంత స్పష్టముగా కనబడు ఉదాహరణము మన దేశమునది కాదు. 1954 చివర అమెరికాలో అట్లాంటిక్ రికార్డ్స్ అను కంపెనీ లావెర్న్ బేకర్ అను నల్లజాతి గాయని చేత 'ట్వీడిల్ డీ' అను పాటను పాడించినది. వ్రాసినవాడు విన్‌ఫీల్డ్ స్కాట్. చిందులు త్రొక్కుచున్నట్లుండు ఆ పాట నల్లవారి రేడియోలలో పేరు తెచ్చుకొని, తెల్లవారి అంగళ్లలోనికి అడుగిడుచున్న తరుణముననే, మెర్క్యురీ అను పెద్ద కంపెనీ జార్జియా గిబ్స్ అను శ్వేతజాతి గాయని చేత అదే పాటను, అదే వాద్యవిన్యాసముతో, అవే విరుపులతో పాడించి బజారున దింపినది. అట్లాంటిక్‌లో ధ్వనిముద్రణ చేసిన టామ్ డౌడ్‌ను సైతము మెర్క్యురీవారు తమ పనికి పిలిచిరనియు, అతడు పోలేదనియు చెప్పుదురు. మాతృకకు ఎంత దగ్గరగా పోవలెనని వారు తలచిరో దీనివలన ఊహింపవచ్చును. పాపు పాటల పట్టికలో గిబ్స్ రికార్డు 2వ స్థానమువరకు ఎక్కినది. బేకర్ రికార్డు 14వ స్థానముకడ నిలిచిపోయినది. స్కాట్‌కు రెండింటిమీదను రాయల్టీ ముట్టినది. ఎవరు పాడినను అది ఆయన పాటయే గదా! బేకర్‌కు మాత్రము తన రికార్డు ఎన్ని అమ్ముడుపోయిన అంతమాత్రమే. అమ్ముడు పోవలసినవి గిబ్స్ పేరుమీద పోయినవి. తనకు 15,000 డాలర్ల నష్టము కలిగినదని ఆమె లెక్క.

ఆమె ఊరకుండలేదు. 1955లో డెట్రాయిట్ ప్రతినిధియగు కాంగ్రెసు సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు ఉత్తరము వ్రాసినది. ఆ ఉత్తరపు వివేకమును గమనింపవలెను. తన పాటను ఇతరులు పాడరాదని ఆమె అడుగలేదు. తన రికార్డులోని కూర్పును స్వరము తప్పకుండ నకలు చేయుటను మాత్రమే నిరోధింపుమని కోరినది. చట్టము మారలేదు. తరువాత ఒకమారు విమానయానమునకు ముందు ప్రమాదబీమా చేయించి, దానికి జార్జియా గిబ్స్‌నే హక్కుదారుగా వ్రాయించినదని ఒక ముచ్చట ప్రచారమున కలదు. తాను పోయినచో ఆమెకు నకలు చేయుటకు మాతృక ఉండదు గనుక, ఆ నష్టమునకు పరిహారమట! ఇంతటి చమత్కారము కలిగిన ఫిర్యాదును నేను మరెక్కడను చదువలేదు.

ఆమె ఫిర్యాదు ఎందులకు ఫలింపలేదో తెలియవలెనన్న 1908కి పోవలెను. నాడు పియానోలు తమంతట తామే మ్రోగుటకు రంధ్రములు పొడిచిన కాగితపు చుట్టలు అమ్మెడివారు. ఆ చుట్ట సంగీతపు ప్రతి కాదు, యంత్రభాగము మాత్రమే అని అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. స్వరకర్తలు మొరపెట్టుకొనగా మరుసటి ఏటనే అక్కడి కాంగ్రెసు చట్టము చేసి, పాటను యంత్రమున కెక్కించుటపై స్వరకర్తకు హక్కునిచ్చి, అదే కలముతో ఒక మెలిక పెట్టినది: ఒకసారి ఒకరికి అనుమతి ఇచ్చినపిమ్మట, ఒక్కొక్క ప్రతికి 2 సెంట్లు చెల్లించు ప్రతివానికిని అనుమతి ఉన్నట్లే. ఒక్క కంపెనీయే సంగీతమంతటిని చేజిక్కించుకొనునేమోనన్న భయము ఈ ఏర్పాటునకు మూలము. ఆ 2 సెంట్లు 1978 వరకు అట్లే సాగినవి. ఈ ఏర్పాటులో గాయనికి చోటు లేదు, ఏలయన నాటి చట్టకర్తల మనసులో పాటయనగా కాగితము. 1972లో ధ్వనిముద్రణములకు కేంద్రచట్టపు రక్షణ లభించినప్పుడు కూడ, ముద్రణమును యంత్రముతో నకలు చేసిన నేరమైనది గాని, గొంతుతో నకలు చేసిన నేరము కాలేదు.

మన దేశమున ఈ ప్రశ్న వేయగానే ఒక సమాధానము సిద్ధముగా నుండును: త్యాగరాజస్వామి కృతిని పాడని గాయకుడెవడు? మన కచేరీ సంప్రదాయమంతయు పరుల పాటలను పాడుకొనుట కాదా? నిజమే. కాని ఆ సంప్రదాయమున రెండు కట్టుబాట్లున్నవి. మొదటిది ముద్ర. చరణాంతమున త్యాగరాజనామము వచ్చును. క్షేత్రయ్య పదమున మువ్వగోపాలుడు వచ్చును. నాలుగు వందల యేండ్ల తరువాత పాడినవాడు కూడ ఆ సంతకమును పలుకకుండ పాటను ముగింపజాలడు. రెండవది, శ్రోత కోరునది నకలు కాదు. గురువుగారి సంగతినే యథాతథముగా వల్లించి దిగిపోయిన శిష్యుని 'పాఠము బాగుగా వచ్చినది' అందురేగాని విద్వాంసుడనరు. నెరవులో, స్వరకల్పనలో అతడు తనదని చెప్పదగిన దేమి తెచ్చినాడని చూతురు. క్రొత్త సినిమా పాటకు ఈ రెండును లేవు. అందులో ముద్ర లేదు. పైగా కవరుకు దొరకు మెప్పుకోలు 'అచ్చం అలాగే పాడావు' అన్నది. తెలుగింట పుట్టి, తెలుగక్షరములను స్ఫుటముగా పలుకగల పిల్లలు, తెలుగు మాతృభాష కాని గాయకుని గొంతున ఒత్తులు కరిగి జారిపోయిన తీరును సైతము శ్రద్ధగా అభ్యసించి అట్లే జార్చి పాడుట నేను విన్నాను. ఆ జారుడు అసలు గాయకునికి స్వభావము, పిల్లలకది శిక్షణ. ఇంత నిష్ఠగా అనుకరింపబడునది బాణీ కాదు, గొంతు. కాని ఆ గొంతుకు దక్కునది శూన్యము.

మనదేశపు కవరు వ్యాపారమును పరిశ్రమగా నిలబెట్టినది క్యాసెట్టు యుగము. 1983లో స్థాపితమైన సూపర్ క్యాసెట్స్, అనగా టీ-సిరీస్, అధిపతి గుల్షన్ కుమార్ నాటి కాపీరైటు చట్టములోని ఒక వెసులుబాటును పట్టుకొని, రఫీ, ముకేశ్, కిశోర్ కుమార్ పాడిన పాత పాటలను క్రొత్తవారిచే మరల పాడించి చౌకధరకు అమ్మెను. మూలముద్రణములు హెచ్.ఎం.వి.వారి ఆస్తి, పాటను తిరుగపాడించుట మాత్రము చట్టసమ్మతము. నేను దీనిని పూర్తిగా నిందింపను. ఖరీదైన రికార్డు కొనలేని ఇంటికి పాట చేరినది. సోనూ నిగమ్ వంటివారికి అదియే తొలిమెట్టు అయినది. కాని పాత పాటలతో ఆగలేదు. 1994లో 'హమ్ ఆప్‌కే హైఁ కౌన్' విడుదలయై దేశమంతట మారుమ్రోగుచుండగానే, దాని పాటలకు టీ-సిరీస్ వేరు గొంతులతో క్యాసెట్టు తెచ్చినది. ఆ చిత్రమున లతా మంగేష్కర్ సరసన నాయకునికి పాడినవాడు మన బాలసుబ్రహ్మణ్యము. తెలుగువారి గొంతు ఉత్తరాదిని ఊపిన సందర్భమది. టీ-సిరీస్ క్యాసెట్టు పెట్టె మాత్రము చూచుటకు అసలుదానివలెనే యుండెను. సల్మాన్ ఖాన్ బొమ్మయు, చిత్రనామమును ఉండెను. గ్రామఫోను కంపెనీ, అనగా ఆ హెచ్.ఎం.వి.వారే, ఢిల్లీ హైకోర్టుకు పోగా, న్యాయస్థానము ఆ ముఖచిత్రమును, ఆ రంగుల పోలికను నిషేధించి, ఇది మూలముద్రణము కాదనియు, వేరు కళాకారులు పాడినదనియు స్పష్టముగా అచ్చువేయవలెనని చెప్పినది. వివాదము తీరిన తీరును చూడుడు: కొనువాడు మోసపోరాదు, కంపెనీ నష్టపోరాదు. బాలుగారి గొంతునకు బదులు వేరొక గొంతు అమ్ముడైనందుకు ఆయనకేమైన రావలెనా అన్న ప్రశ్న ఆ వ్యాజ్యమున పుట్టుటకే తావు లేదు.

చట్టము అటుపిమ్మట మారినది. 1994 సవరణ రెండేండ్ల గడువు పెట్టినది. 2012 సవరణ 31సి అను క్రొత్త సెక్షనును చేర్చి, పాట తొలిసారి ముద్రింపబడిన సంవత్సరాంతము నుండి అయిదు సంవత్సరములు గడచినగాని హక్కుదారుని అనుమతి లేకుండ కవరు చేయరాదన్నది. ఏటికి కనీసము 50,000 ప్రతులకు ముందుగా రాయల్టీ కట్టవలెనన్నది. సాంకేతికముగా తప్పనిసరియైనంతకు మించి పాటను మార్చరాదన్నది. అదే సవరణ కవులకును స్వరకర్తలకును రాయల్టీలో వాటాను, దానిని వారు వ్రాసియిచ్చినను పోని రీతిగా, నిలిపినది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ చేసిన పోరాటము ఇందుకు తోడ్పడినది. గాయకులకు కూడ తమ ప్రదర్శనము వాణిజ్యమునకు వాడబడినప్పుడు రాయల్టీ కలదని వ్రాసినది. ఇంతవరకు మెచ్చదగినదే. కాని కవరులో వాడబడునది గాయకుని ప్రదర్శనము కాదు, దాని ఛాయ. ఛాయకు చట్టమున ధర లేదు. అంతకన్న విచిత్రమైనది 31సి లోని మరొక నియమము: కవరు పెట్టెపై పూర్వగాయకుని పేరుగాని బొమ్మగాని ఉండరాదు! కొనువానిని మోసగింపకుండుటకై పెట్టిన నిబంధనమిది, ఉద్దేశము మంచిదే. ఫలితము మాత్రము, మొదట పాడినవారిని స్మరించుటయే చట్టవిరుద్ధమైనట్లయినది.

ఇక ఫోనులలో నడచుచున్నది వేరొక రాజ్యము. అక్కడ అయిదేండ్లును లేవు, 50,000 ప్రతులును లేవు. ఆడియో కంపెనీ తన పాటను యూట్యూబువారి కంటెంట్ ఐడీ అను యంత్రాంగమునకు అప్పగించును. ఎవరైన ఆ బాణీని పాడి ఎక్కించినచో యంత్రము గుర్తుపట్టును. కంపెనీ దానిని తొలగింపవచ్చును, లేదా ఉండనిచ్చి దానిపై వచ్చు ప్రకటనల సొమ్మును తాను తీసికొనవచ్చును. తొలగించుటకన్న తీసికొనుట లాభము గనుక అదియే జరుగుచున్నది. హక్కుదారుని అనుమతి ఈ విధముగా తనంత తానే లభించుటవలన, గడువు నియమము ఉండియు లేనట్లయినది. అనకాపల్లిలోనో కరీంనగరులోనో ఒక విద్యార్థిని పరీక్షల నడుమ పాడి ఎక్కించిన పాటకు లక్షలమంది శ్రోతలు వచ్చినను, ఆమెకు తరచుగా మిగులునది వ్యాఖ్యలలోని పువ్వుల బొమ్మలు. ఎవరి పోకడను ఆమె అనుకరించినదో ఆ గాయకునికి అవి కూడ లేవు. ఇద్దరును ఒకే యజమానికి కూలి లేకుండ పనిచేయుచున్నారు. ఈ ఇద్దరికిని తగవు పెట్టి చూచి ఆనందించుట మన పత్రికలకు అలవాటైనది. తగవు వారి నడుమ లేదు.

కవరు వలన మేలు జరుగదని నేననుట లేదు. 2020లో శ్రీలంకలో సతీశన్ రత్నాయక, దులాన్ ఏఆర్‌ఎక్స్‌తో కలిసి 'మణికే మగే హితే' అను సింహళగీతమును విడుదల చేసెను. మరుసటి ఏడు మే నెలలో యొహాని అను యువతి అదే పాటను పాడగా అది సముద్రము దాటి, భాష తెలియని మన యిండ్లలో కూడ పిల్లల నోట నానినది. పాట పుట్టి ఏడాది నిండకయే వచ్చిన కవరు, అసలు పాటకు ఎన్నడును దొరకని లోకమును దానికి చూపినది. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ కవరులో యొహాని ప్రక్కన పాడినవాడు సతీశనే. మూలగాయకుడు స్వయముగా భాగస్వామియైన కవరది. అంతటి అరుదైన సౌజన్యము జరిగినచోట కూడ లోకము ఒక్క పేరునే గుర్తుంచుకొన్నది. ఇక సౌజన్యము లేనిచోట సంగతి చెప్పనేల?

మన నేలపై 2021లో 'సారంగదరియా' విషయమున రేగిన కలతయు ఇట్టిదే. జానపదమునకు కర్త లేడు, కావున హక్కుదారుడును లేడు. సుద్దాల అశోక్‌తేజ దానిని సినిమాకు తగినట్లు వ్రాసినాడు, మంగ్లీ పాడినది, దేశమంతయు ఆడినది. అంతకుముందే 'రేలా రే రేలా' కార్యక్రమమున ఆ పాటను పాడి జనమునకు వినిపించిన కోమలి, తనను మరచితిరని బాధపడినది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరును, పారితోషికమును ఇత్తునని బహిరంగముగా ప్రకటించినాడు. చట్టము ఆయనను అందుకు నిర్బంధించుట లేదు, మర్యాద నిర్బంధించినది. ఇందుకు వ్యతిరేకముగా, 2017లో బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా ఇళయరాజా పక్షమునుండి నోటీసు వచ్చినది: తన బాణీలను అనుమతి లేకుండ పాడరాదని. స్వరకర్త హక్కు చట్టబద్ధమైనదే, నేను దానిని కాదనను. కాని ఏ గొంతుతో ఆ పాట ప్రజలకు తెలిసినదో ఆ గొంతే ఆ పాట పాడుటకు అనుమతి అడుగవలసివచ్చుట, పాటలో గాయకుని స్థానమెంతో మనకు చెప్పకయే చెప్పుచున్నది.

ఇప్పుడు యంత్రములు గొంతును సైతము పోతపోయుచున్నవి. బాలుగారి గొంతును కృత్రిమమేధతో 'కీడా కోలా' చిత్రమున వాడుకొన్నారని ఆయన కుమారుడు చరణ్ 2024లో నోటీసు పంపినాడు. అదే ఏడు ఏ.ఆర్. రహమాన్ దివంగతులైన బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను 'లాల్ సలామ్' పాటలో, వారి కుటుంబముల సమ్మతితో, పారితోషికమిచ్చి వాడినాడు. బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును యంత్రములతో అనుకరించుటను నిషేధించినది. అమెరికాలో 1988లోనే, గాయని బెట్ మిడ్లర్ పాడనన్న ప్రకటనకు ఆమె గొంతువంటి గొంతును తెచ్చి పాడించిన వ్యవహారమున, ప్రసిద్ధమైన గొంతు ఆ వ్యక్తి సొత్తేనని అప్పీలు కోర్టు చెప్పినది. న్యాయస్థానములు గొంతునకు విలువ కట్టుటకు అలవాటు పడుచున్నవన్నమాట. యంత్రానుకరణమును, మనుష్యుడు నేర్చి చేయు అనుకరణమును సమానముగా చూడరాదు. రెండవది విద్యాభ్యాసపు మార్గము, దానిని మూయుట మూఢత్వము. కాని విద్యగా చేసినప్పుడు ఉచితమైనది, విపణిలో అమ్మినప్పుడు కూడ ఉచితముగనే ఉండవలెనన్న నియమమేమి?

నేను కోరునవి గొప్ప సంస్కరణములు కావు. క్రొత్త పాటను పాడదలచిన పిల్లలను అయిదేండ్లు ఆగుమనుట నవ్వులాట. ఆ గడువు ఎట్లును అమలులో లేదు, దానిని ఒక్క యేటికి కుదించినను నాకభ్యంతరము లేదు. పూర్వగాయకుని పేరు వ్రాయరాదన్న నియమమును తిరుగవేసి, 'తొలుత పాడినవారు' అన్న పంక్తిని తప్పనిసరి చేయవలెను. మోసము భయమున్నచో అక్షరముల పరిమాణమును నిర్ణయింపవచ్చును. ఇది మనకు క్రొత్త సంగతియు కాదు. ఆకాశవాణి వ్యాఖ్యాతలు చిత్రము, రచన, సంగీతము, గానము అని వరుసగా చెప్పకుండ ఒక్క పాటయు వేయలేదు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో పదేండ్ల పిల్లవాడు కూడ మూలగాయకుని పేరు చెప్పిన పిమ్మటనే శ్రుతి అందుకొనెను. రికార్డులపై గాయకుల పేరే లేని కాలమొకటి ఉండెను. 1949లో 'మహల్' పాట రికార్డు తొలుత వచ్చినప్పుడు దానిపై లత పేరు లేదు, ఆ పాత్ర పేరు కామిని అని అచ్చువేసిరి. అక్కడినుండి ఇంత దూరము వచ్చి, ఫోను తెరమీద మరల అక్కడికే పోవుచున్నాము.

రెండవ కోరిక సొమ్మునకు సంబంధించినది. కవరుపై కంపెనీ వసూలు చేసికొను ప్రకటనల రాబడిలో కవికిని స్వరకర్తకును చట్టప్రకారము వాటా కలదు. ఆ వాటాతోపాటు మొదట పాడినవారికిని, ఆ పాటకు వాయించినవారికిని ఒక చిన్న భాగము వేరుచేయవలెను. లెక్క కట్టుట కష్టమందురేమో! ఏ బాణీ ఎక్కడ ఎవరు పాడినను క్షణములో పట్టుకొను యంత్రము, ఆ బాణీని మొదట పాడినదెవరో చెప్పలేదా? గాయకుల తరపున రాయల్టీ వసూలు చేయుటకు 2013 నుండి నమోదైన సంఘమున్నది. దాని పద్దులలో రేడియోకు గడి కలదు, వేదికకు గడి కలదు, కవరుకు మాత్రము లేదు, చట్టములోనే అది లేదు గనుక. వాద్యకారుల పేర్లు అనేక చిత్రముల విషయమున కంపెనీ కాగితములలోనైన దొరకవు. కావున ఆ పని ఇప్పుడు విడుదలగుచున్న పాటల నుండియే మొదలుపెట్టవలసియుండును.